హక్కులు మంచి స్థితిలో అప్పగించవలెను

మా ఆయన పేరు నేను పలకకూడదు. కానీ జైలు రిజిస్టరుకెక్కిన పేరుకి అలాంటి మొహమాటాలు ఉండవు కాబట్టి చెబుతున్నాను. వాసంశెట్టి బుల్లియ్య, వయసు డెబ్భై ఒకటి, నేరం ప్రభుత్వ తాళం పగలగొట్టడం, శిక్ష నలభై రోజులు.

తాళం సంగతి చిన్నదే. వంతెన కట్టాక మా పాత రేవుకి అడ్డంగా గొలుసు కట్టి తాళం వేశారు. నీళ్ళలోకి దిగే దారి లేక మా గేదె ఆ గొలుసు దగ్గర నిలబడి అరుస్తుంటే ఆయన చూడలేకపోయారు. రాయి తీసుకున్నారు. మొదటి తాళానికి మందలించారు. రెండో తాళానికి ఇంకెప్పుడూ చెయ్యనని కాగితం రాయించుకున్నారు. మూడో తాళానికి చింతరేవు సబ్‌జైలుకి పంపారు. గేదె మీద మాత్రం కేసు పెట్టలేదు.

ఆ రోజు కోర్టు గుమాస్తా నా చేతిలో ఒక చీటీ పెట్టాడు. 'విడుదల: పందొమ్మిదో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటలు' అని ఉంది, కింద ముద్ర. నేను ఆ చీటీ వంకే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మా నాన్న సోమవారానికల్లా వచ్చేస్తానని కలప తెప్పలెక్కి వెళ్ళాడు. ఏ సోమవారమో చెప్పలేదు. మా అన్న భిలాయి బండెక్కి, దిగగానే ఉత్తరం రాస్తానన్నాడు. మా చెల్లెల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్తూ రెండు రోజుల్లో తెచ్చేస్తాం అన్నారు. వెళ్ళినవాళ్ళు ఎప్పుడొస్తారో సరిగ్గా చెప్పి వెళ్ళడం మా ఇంటావంటా లేదు. అలాంటిది, ఒక మనిషి తిరిగొచ్చే తేదీ, వారం, గంటతో సహా ప్రభుత్వమే రాసి, ముద్ర వేసి నా చేతికిచ్చింది. ఏడవాల్సిన రోజున నాకు కొంచెం ధైర్యం వచ్చింది. చీటీని నాలుగు మడతలు పెట్టి తమలపాకుల సంచి అడుగున దాచాను.

మంగళవారం, శుక్రవారం ములాఖత్. వల తెరకి అటు ఆయన, ఇటు నేను. మొదటి శుక్రవారమే ఆయన చెప్పిన కబురు ఇది.

ముందు రోజు పై నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారట. ఖైదీలను వరసగా నిలబెట్టి, అందరిలోకీ ముసలివాడని మా ఆయన్ని అడిగారట, "మీ హక్కులు మీకు అందుతున్నాయా?" అని.

"మీరేం చెప్పారండీ?" అన్నాను కంగారుగా.

"ఉన్న మాటే చెప్పానే. పళ్ళెం అందిందండి, చెంబు అందిందండి, దుప్పటి అందిందండి, దుప్పటికి చిల్లులున్నాయి గానీ అందిందండి. హక్కులు మాత్రం ఇంకా రాలేదండి, ఆయ్, అన్నాను."

"అయ్యో! ఆ మాట అనకపోతే ఏం పోయింది?"

"అడిగితే చెప్పొద్దేంటే?"

ఆ పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని తనిఖీ పుస్తకంలో ఇలా రాసి వెళ్ళిపోయారు: 'ఖైదీలకు రాజ్యాంగపరమైన హక్కులు అందలేదు. పదిహేను రోజులలో అందజేసి నివేదిక పంపవలెను.'

సూపరింటెండెంటు పరంజ్యోతిగారు చెడ్డవారు కాదు. కాగితం లేకుండా తుమ్మరు, అంతే. ఆయన ఆ వాక్యాన్ని మూడు రోజులు చదివారట. జైల్లో 'అందజేయడం' అనే పనికి ఒకే ఒక్క పద్ధతి ఉంది. స్టోరులోంచి వస్తువు తీయాలి, నంబరు వేయాలి, ఖైదీ చేత సంతకం పెట్టించుకోవాలి, విడుదల నాడు మంచి స్థితిలో వెనక్కి తీసుకోవాలి. పళ్ళేనికైనా అదే, దుప్పటికైనా అదే. హక్కులకు వేరే పద్ధతి పెట్టమని తనిఖీ పుస్తకంలో లేదు.

కనుక రేకుల పని తెలిసిన కన్నయ్య అనే ఖైదీ చేత నూనె డబ్బాలు కత్తిరించి బిళ్ళలు చేయించారు. ఇరవై ఆరు మంది ఖైదీలు, మనిషికి ఆరు హక్కులు. సమానత్వం, స్వేచ్ఛ, పీడన నుంచి రక్షణ, మతం, చదువు-సంస్కృతి, న్యాయం కోసం మొర. ఒక్కో బిళ్ళ మీద మేకుతో పేరు చెక్కి, చిల్లు పెట్టి, తాడుకి గుచ్చి మెడలో వేశారు.

రెండు చోట్ల చిక్కు వచ్చింది. మొదటిది, నూనె డబ్బాలు చాలక సమానత్వం బిళ్ళలు రెండు సైజుల్లో వచ్చాయి. పెద్దవి పాత ఖైదీలకు, చిన్నవి కొత్తవాళ్ళకు ఇచ్చారు. ఒకరిద్దరు గొణిగితే, "సమానత్వం పరిమాణంలో లేదు, జారీలో ఉంది" అని పరంజ్యోతిగారు సెలవిచ్చారు.

రెండో చిక్కు స్వేచ్ఛ. అది చేతికిస్తే ఖైదీ గేటు దాటి వెళ్ళిపోతాడు. ఇవ్వకపోతే నివేదిక పంపడానికి ఉండదు. ఆయన ఒక రోజంతా ఆలోచించి రేకు కత్తెర తెప్పించారు. ప్రతి స్వేచ్ఛ బిళ్ళనూ రెండు ముక్కలు చేయించారు. మాట్లాడే స్వేచ్ఛ ముక్క ఖైదీకి. రాకపోకల స్వేచ్ఛ ముక్క ఖైదీ పేరు మీద సంతకం తీసుకుని, భద్రత నిమిత్తం స్టోరులోనే పెట్టెలో ఉంచారు. నివేదికలో 'వంద శాతం జారీ' అని రాశారు. అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఆ తర్వాతి మంగళవారం నేను వెళ్ళేసరికి గేటు పక్క గోడకి నిబంధనల కాగితం అతికించి ఉంది. నాకు చదువు చెప్పినవాళ్ళు లేరు. పకోడీ పొట్లాలు విప్పి, కూడబలుక్కుని నేర్చుకున్నాను. పొట్లం కాగితం ఎప్పుడూ కథ మధ్యలో చిరిగిపోయి ఉంటుంది. అందుకని, చిరగని కాగితం ఎక్కడ కనబడినా చివరి అక్షరం దాకా చదవకుండా నేను కదలలేను. ఆ కాగితం కూడా ఎండలో నిలబడి, వేలు పెట్టి చదివాను. మొత్తం ముప్ఫై ఒక్క నిబంధన. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఒకటుంది: 'గేటు వద్ద సందర్శకులు దాఖలు చేసిన వస్తువు ఏదైనను, చీటీ చూపిన వెంటనే తిరిగి ఇవ్వవలెను. ఇవ్వలేని యెడల జైలువారు అట్టిదే వేరొకటి ఇవ్వవలెను.'

గేటు దగ్గర హెడ్ వార్డరు గవర్రాజు కొత్త రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. "ఫోను, ఆకుల సంచి, అగ్గిపెట్టి, బయటి హక్కులు ఇక్కడెట్టేయండి మామ్మగారూ."

"బయటి హక్కులేంటి నాయనా?"

"నాకూ తెల్దండి. రిజిస్టర్లో కాలం గీసిచ్చారు. లోపల ఇచ్చిన హక్కులతో బయటివి కలిసిపోతే లెక్క తేలదంటండి. మీ ఎంట ఉన్నాయా, లేవా? ఒక్క ముక్క చెప్పండి."

నాకు భయం వేసింది. లేవంటే ఆ మాటే ఖాయం చేసేస్తారేమో! రాసిన మాటను చెరిపించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఓటరు జాబితాలో ఒకసారి నన్ను చచ్చిపోయినట్టు రాస్తే, బతికున్నానని నమ్మించడానికి రెండేళ్ళు పట్టింది.

"ఆరూ ఉన్నాయి," అన్నాను.

"ఆరూనా? బాగున్నాయా? వంకర్లు, సొట్టలు?"

"పెద్దగా వాడలేదు నాయనా."

"వాసంశెట్టి నూకరత్నం. బయటి హక్కులు ఆరు. కొత్తవి," అని రాసుకుని, ముద్ర గుద్ది చీటీ చింపి ఇచ్చాడు. చీటీలంటే నాకు ప్రాణం. సంచి గేట్లో పెట్టేశాను కాబట్టి, దీన్ని మడిచి కొంగున కట్టుకున్నాను.

లోపల మా ఆయన మెడలో బిళ్ళలతో గంగిరెద్దులా గలగలమంటూ వచ్చారు. నాకు నవ్వాగలేదు.

"నవ్వు, నవ్వు. ఇయి లేకుండా మాట్లాడితే తప్పంట. మాటాడేటప్పుడు ఇది పైకెత్తి చూపించాలి," అని సగం ముక్క బిళ్ళను నుదుటి దాకా ఎత్తి పట్టుకున్నారు. "ఏమే, గేదె ఎలాగుందే?"

"బానే ఉంది. మీ చెయ్యి నొప్పెట్టట్లేదా?"

ఆయన జవాబు చెప్పబోయి, చెయ్యి మార్చుకోవడానికి బిళ్ళ దించారు. వెంటనే వార్డరు "మాటల్లేవ్!" అన్నాడు. మళ్ళీ ఎత్తారు. నలభై తొమ్మిదేళ్ళ కాపరంలో ఆయన మాట్లాడే ముందు అనుమతి తీసుకోవడం అదే మొదలు. ఆ రోజు నాకు అంత కష్టంగా ఏమీ అనిపించలేదు.

బయటికి వస్తే గవర్రాజు ఫోనిచ్చాడు, సంచిచ్చాడు. తర్వాత సొరుగు లాగి, మళ్ళీ మూసి, బల్ల కిందికి వంగి చూశాడు.

"మామ్మగారూ, మీ హక్కులు నేనిచ్చేశానా?"

"లేదు నాయనా."

"మరేయి? ఆరు అని నా చేత్తోనే రాశానే!"

ఇద్దరం కలిసి వెతికాం. బెంచీ కింద చూశాం, కుండ వెనక చూశాం. పాపం చెమటలు పట్టాయి అతనికి. "ఎక్కడో ఉంటాయిలెండి, ఎక్కడికి పోతాయి. దొరగ్గానే ఇచ్చేస్తాను. చీటీ మాత్రం జాగర్తండి," అన్నాడు. అలాగేనన్నాను.

మరో వారం గడిచింది. పై కార్యాలయం నుంచి పరంజ్యోతిగారికి ఇంకో కాగితం వచ్చింది. 'హక్కులు జారీ అయినట్లు తెలిసి సంతోషించడమైనది. వాటి వినియోగం ఎంత?' వినియోగం ఏమీ లేదు. ఖైదీలు బిళ్ళలతో వీపు గోక్కోవడం తప్ప ఏమీ చేయడం లేదు. దానితో, ప్రతి ఖైదీ రోజుకి కనీసం ఒక హక్కు వినియోగించి తీరాలని ఉత్తర్వు వేశారు. ఆ శుక్రవారం వల తెర వెనక ఆవరణలో జరుగుతున్నది నేను కళ్ళారా చూశాను. ఇరవై ఆరు మంది రెండు వరసల్లో నిలబడ్డారు. గవర్రాజు ఈల ఊదాడు.

"మొదటి వరసా! మాటాడే హక్కు, ఎత్తు! మాటాడు!"

పదమూడు మంది ఒక్కసారిగా మాట్లాడారు. ఒకడు వాతావరణం గురించి, ఒకడు సాంబారు గురించి. మా ఆయన గేదె గురించి. మళ్ళీ ఈల. నిశ్శబ్దం.

"రెండో వరసా! మతం, ఎత్తు! మొక్కు!"

మొక్కారు. ఒకతను తనకి దేవుడు లేడని చేతులు కట్టుకుని నిలబడితే, గవర్రాజు దగ్గరికెళ్ళి బతిమాలాడు. "లేకపోతే పోనీలేవయ్యా, లేడనే గట్టిగా అనుకో. అది కూడా ఇందులోకే వస్తాది."

"సమానత్వం! అందరూ కలిపి, ఎత్తు!"

పెద్ద బిళ్ళలవాళ్ళు పెద్దవి, చిన్న బిళ్ళలవాళ్ళు చిన్నవి ఎత్తారు. పరంజ్యోతిగారు వరండాలో కుర్చీ వేసుకుని, కళ్ళు తుడుచుకున్నారు. "ఈ దృశ్యం కోసమే కదా మహానుభావులు త్యాగాలు చేసినది," అన్నారు.

పీడన నుంచి రక్షణ బిళ్ళను మాత్రం ఎవరూ ఎత్తలేదు. దాన్ని వినియోగించాలంటే ముందు పీడన జరిగినట్టు రుజువు చూపాలి, అలాంటిదేమీ ఇక్కడ లేదని నివేదికలో అంతకుముందే రాసేశారు.

నేను ఇవన్నీ చూసి నవ్వుకుంటూనే ఇంటికి వచ్చాను. రోజూ సంచి విప్పి విడుదల చీటీ ఉందో లేదో చూసుకునేదాన్ని. ఉండేది. తేదీ కూడా మారలేదు.

పందొమ్మిదో తేదీ మంగళవారం ఏడింటికే జైలు గేటు ముందు కూర్చున్నాను. ఉతికిన పంచె, కండువా తెచ్చాను. ఈ పథకం పెట్టాక విడుదలవుతున్న మొదటి ఖైదీ మా ఆయనే. కనుక పరంజ్యోతిగారు స్వయంగా స్టోరుకి వచ్చారు. నన్ను కూడా సాక్షి సంతకానికి లోపలికి పిలిచారు. పది కొట్టింది.

మా ఆయన పళ్ళెం వెనక్కి ఇచ్చారు. చెంబు ఇచ్చారు. దుప్పటి ఇచ్చారు, జైలువాళ్ళు చిల్లులు లెక్కపెట్టి సరిపోయాయన్నారు. తర్వాత మెడలో తాడు తీశారు. సమానత్వం, చిన్నది, ఒకటి. పీడన నుంచి రక్షణ ఒకటి. మతం ఒకటి. చదువు-సంస్కృతి కొంచెం వంగింది, ఎందుకంటే దాంతో ఆయన కొబ్బరి కోరారు. న్యాయం కోసం మొర, ఒక్క గీత కూడా పడలేదు. మాట్లాడే స్వేచ్ఛ, సగం ముక్క, బాగా అరిగింది.

"బయటికెల్లాక ఇయి అక్కర్లేదాండి?" అన్నారు మా ఆయన.

"బయట వాటిని జారీ చేయు శాఖ వేరు," అన్నారు పరంజ్యోతిగారు. "ఇక మిగిలినది రాకపోకల స్వేచ్ఛ. స్టోరు భద్రతలో ఉన్నది. గవర్రాజూ, పెట్టె తెరువుము."

గవర్రాజు పెట్టె తెరిచాడు. తలకిందులు చేసి దులిపాడు. ఒక బొద్దింక పడింది.

పెట్టెలో ఒక్క ముక్క లేదు. ఇరవై ఆరు మంది రాకపోకల స్వేచ్ఛా మాయమైంది. కన్నయ్యను పిలిపించారు. అతను చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "పప్పు డేగిసాకి చిల్లు పడిందండి. స్టోరులో రేకు ముక్కలుంటే అడిగానండి, ఇచ్చారండి. అతుకులేశానండి. ఇప్పుడు చుక్క కారట్లేదండి."

అందరం వంటశాల వైపు చూశాం. డేగిసాలో పప్పు ఉడుకుతోంది. ఖైదీల రాకపోకల స్వేచ్ఛ అంతా దాని అడుగున ఉంది.

"అతుకు ఊడదీస్తే?" అన్నాడు గవర్రాజు.

"ఊడదీసిన యెడల పప్పు పోవును. ఆహారము ఆపుట చట్టవిరుద్ధము," అన్నారు పరంజ్యోతిగారు. కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, మా ఆయనతో అన్నారు, "మీకు జారీ చేసిన రాకపోకల స్వేచ్ఛను మీరు అప్పగించలేదు. అది లేనిదే అప్పగింత చీటీ లేదు. అప్పగింత చీటీ లేనిదే విడుదల లేదు."

"అది నా చేతికెప్పుడొచ్చిందండి?"

"మీ సంతకమున్నది."

"చేతిలో పెట్టకుండానే సంతకం పెట్టించుకున్నారు కదండి!"

"అది జారీ. చేతిలో పెట్టుట వేరే విషయము. స్పష్టత కోరుతూ పైకి వ్రాసెదను. ఆరు వారములలో జవాబు రావచ్చును. అంతవరకు మీరు విడుదలైన ఖైదీగానే పరిగణింపబడుతూ, లోపల ఉందురు."

ఆరు వారాలు! రావచ్చును! సోమవారానికి వచ్చేస్తానన్న మాట, ఉత్తరం రాస్తానన్న మాట, రెండు రోజుల్లో తెచ్చేస్తామన్న మాట, అన్నీ ఆ 'రావచ్చును'లో వినిపించాయి. మా ఆయన నా మొహం చూసి, మళ్ళీ చెంబు చేతిలోకి తీసుకున్నారు. "పోనీలేవే, ఏడవకు. ఆరు వారాలంటే ఎంత? గేదెని జాగర్తగా చూసుకో," అన్నారు. ఆ మాటలకి బిళ్ళ ఎత్తలేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అంతా అయిపోయిందనుకున్నాను. కళ్ళు తుడుచుకోవడానికి కొంగు తీశాను. కొంగు చివర ముడి తగిలింది.

ముడి విప్పి, చీటీ పరంజ్యోతిగారి బల్ల మీద పెట్టాను.

"బాబూ, నావి ఆరు హక్కులు మీ గేట్లో ఉండిపోయాయి. కొత్తవి. నాకిప్పించండి."

పరంజ్యోతిగారు చీటీ చూశారు, గవర్రాజును చూశారు. గవర్రాజు గోడను చూశాడు.

"దొరకలేదండి," అన్నాడు నీరసంగా.

"మీ నిబంధనల కాగితంలో ముప్ఫై ఒకటోది చూడండి బాబూ," అన్నాను. నాకు కంఠతా వచ్చు. అప్పజెప్పాను. 'చీటీ చూపిన వెంటనే తిరిగి ఇవ్వవలెను. ఇవ్వలేని యెడల జైలువారు అట్టిదే వేరొకటి ఇవ్వవలెను.'

ఆయన లేచి వెళ్ళి గోడ మీది కాగితం చదివి వచ్చారు. అంత కిందికి ఆయన కూడా ఎప్పుడూ చదివినట్టు లేదు. ఖైదీ హక్కు పోతే ఖైదీ తప్పు. సందర్శకురాలి హక్కులు, అందులోనూ కొత్తవి, ముద్ర వేసి తీసుకున్నవి ఆరూ పోతే, అది పైవాళ్ళకి జవాబు చెప్పవలసిన సంగతి.

"అమ్మా, దీనికి మార్గమేమైనా..." అన్నారు. మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు.

"ఉంది బాబూ. మా ఆయన మీకు ఒక రాకపోకల స్వేచ్ఛ ఇవ్వాలి. మీరు నాకొకటి ఇవ్వాలి. నాది ఆయన కింద రాసేసుకోండి. మిగతావి నెమ్మదిగా వెతికి పంపించండి, తొందరేం లేదు."

పరంజ్యోతిగారు కలం తీసి, మూత బిగించి, మళ్ళీ తీశారు. పావుగంట రాశారు. రాసింది బిగ్గరగా చదివి వినిపించారు. "సందర్శకురాలైన నూకరత్నం గారి రాకపోకల స్వేచ్ఛ ఆమె సమ్మతిపై ఖైదీ బుల్లియ్య పేర సర్దుబాటు చేయడమైనది. ఇకమీదట దంపతులిరువురకు కలిపి రాకపోకల స్వేచ్ఛ ఒకటే గనుక, వారు ఎక్కడికి పోయినను కలిసియే పోవలెను."

ముద్ర పడింది. గవర్రాజు అందరికన్నా ముందు ఊపిరి పీల్చుకున్నాడు.

మేం గేటు దాటేసరికి పదకొండున్నర. గంటన్నర ఆలస్యం. అయినా తేదీ అదే, వారం అదే. తర్వాతి శుక్రవారం మిగతా ఇరవై అయిదు మంది ఇళ్ళ ఆడవాళ్ళు గేటు దగ్గర బారులు తీరి, తమ హక్కులన్నీ దాఖలు చేసి చీటీలు పట్టుకెళ్ళారని గవర్రాజు తర్వాత చెప్పాడు. రిజిస్టరు చాలలేదట.

ఇంటికొచ్చి అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఆయన కండువా భుజాన వేసుకున్నారు.

"అలా రేవుదాకా ఎల్లొస్తానే."

ఆ మాట వింటే నలభై తొమ్మిదేళ్ళుగా నా గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది. ఎప్పుడొస్తారని అడగబోయి ఆగిపోయాను. చెప్పులేసుకున్నాను.

"నువ్వెక్కడికే?"

"సర్దుబాటు కాగితం మర్చిపోయారా? మీరొక్కరూ వెళ్ళడానికి లేదు."

ఆయన వెళ్ళి గేదెని విప్పుకొచ్చారు. ముగ్గురం రేవుకి వెళ్ళాం. గొలుసుకి నాలుగో తాళం వేలాడుతోంది. కొత్తది, పెద్దది, ఎండకి మెరుస్తోంది. గేదె దాని దగ్గర నిలబడి అరవడం మొదలుపెట్టింది. ఆయన తాళం వంక చూశారు, నా వంక చూశారు, గడ్డం గోక్కున్నారు.

"ఈసారి పంపితే ఇద్దర్నీ కలిపే పంపాలి కదే?"

"కలిసియే పోవలెను అని రాసుంది," అన్నాను.

గట్టు మీద వెతికి, ఆయన చేతికి సరిపోయే రాయి ఒకటి ఏరి ఇచ్చాను.